తిప్పకుండా తిరిగేది

"సావనీరుకి ఏదన్నా రాయవోయ్" అని మా లిటరరీ సెక్రటరీ అడిగితే, నాకు కవితలు రావన్నాను. "పోనీ ఏదో ఒకటి రాయి, సైన్సు వ్యాసం మాత్రం వద్దు, ఎవరూ చదవరు" అన్నాడు. అయినా నేను రాస్తున్నది సైన్సే. ఎందుకంటే నాకొక బాకీ వుంది. ఈ ఏడు మా డిపార్టుమెంటు సెమినార్లో ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేక కూచున్నాను. ఆ రోజు గదిలో వున్న ముప్పైమందికీ, ముఖ్యంగా ఆ ప్రశ్న వేసిన మాస్టారికీ ఆ జవాబు బాకీ పడ్డాను. పంట చేతికొచ్చాక అప్పు తీర్చడం మా ఇంట్లో అలవాటు. ఇదీ అలాంటిదే అనుకోండి.

నేను తీసుకున్న విషయం రేడియో తరంగాల పరికరాల్లో లిక్విడ్ క్రిస్టల్స్. తెలుగులో ద్రవస్ఫటికాలు. కాలిక్యులేటర్లోనూ, గోడగడియారంలోనూ, టీవీ తెరలోనూ అంకెలూ బొమ్మలూ చూపించేవి అవే. వాటిని తెరకి కాకుండా యాంటెన్నాకి వాడటం గురించి ఇంగ్లీషులో పన్నెండు నిమిషాల ఉపన్యాసం తయారుచేసుకుని, హాస్టలు మేడ మీద నాలుగు రాత్రులు బట్టీ పట్టాను. సెమినార్లో ఎక్కడా తడబడలేదు. చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తెలుగులో అడిగారు:

"బాగుందయ్యా. ట్యూన్ చెయ్యొచ్చు, ట్యూన్ చెయ్యొచ్చు అని పదిసార్లు అన్నావు. మరి మీ ఇంట్లో రేడియో ట్యూన్ చెయ్యడానికి దీన్నెందుకు వాడరు?"

నోట మాట రాలేదు. ఇంగ్లీషులో వెతికాను, తెలుగులో వెతికాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "థాంక్యూ సార్" అని, అదేదో సమాధానమైనట్టు వెళ్ళి కూచున్నాను.

నిజానికి నేను ఆ విషయం ఎంచుకోవడానికి కారణం ఉపన్యాసంలో చెప్పలేదు. చెబితే నవ్వుతారనుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

మాది బాపట్ల దగ్గర ఒక చిన్న వూరు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నేను ఫస్టియర్. చేను కోతకొచ్చి వుంది. నాన్న వేసింది బి.పి.టి. 5204. మా బాపట్ల పరిశోధనా స్థానంలోనే పుట్టి, 1986లో విడుదలైన రకం. సాంబ మసూరి అంటే అందరికీ తెలుస్తుంది. డిసెంబరు 5న తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నేను హాస్టల్లో కూచుని ఫోను చేస్తూనే వున్నాను. అందుబాటులో లేరని అదే గొంతు, అదే మాట. మురుగుకాల్వ పొంగితే చేలోకి నీళ్ళు ఎక్కుతాయి. నీళ్ళు ఎక్కితే గట్టుకి గండి కొట్టడానికి ఏ రాత్రి అయినా నాన్న పార పుచ్చుకుని వెళతాడు. అది నాకు తెలుసు. అందుకే భయం. రెండు రోజులు ఆ గొంతునే విన్నాను. మూడోరోజు పక్క వూరి నుంచి ఎవరి ఫోన్లోంచో నాన్న మాట్లాడాడు. "బానే వున్నాంరా. చేను పడిపోయింది. నువ్వు పరీక్షలు రాసే రా" అన్నాడు. అంతే.

ఆ తరవాత ఇంటికెళ్ళాను. తడి మడిలోకి కోతమిషను దిగదు. మనుషుల్ని పెట్టి కోయించాలి. పడిన చేనుకి కూలి ఎక్కువ. నాన్నా, అమ్మా, నేనూ కూడా దిగాం. నేను కొడవలి పట్టి ఎటు పడితే అటు లాగుతుంటే నాన్న గట్టు మీంచి కేకేశాడు.

"ఒరేయ్, వాలు చూసుకోరా! చేను ఎటు వాలిందో చూసి అటు తగ్గట్టు పో. అడ్డంగా పోతే కొడవలి తగులుకుంటది, గింజంతా రాలుద్ది."

ఒకే చేను, అవే దుబ్బులు. వాలు వెంట పోతే ఒకలా, అడ్డంగా పోతే మరొకలా వుంటుంది. ఎకరానికి ముప్పై బస్తాలు రావలసిన చోట పద్నాలుగు వచ్చాయి. ఆ లెక్క నాన్న గోడ మీద బొగ్గుతో రాశాడు. ఇప్పటికీ వుంది.

సెకండియర్లో ద్రవస్ఫటికాల పాఠం వచ్చినప్పుడు నాకు ఆ కేకే గుర్తొచ్చింది. నేను విషయంలో పడ్డది అక్కడ.

ఈ పదార్థాన్ని మొదట గమనించినవాడు భౌతికశాస్త్రజ్ఞుడు కాదు, మొక్కల శాస్త్రజ్ఞుడు. ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిష్ రైనిట్సర్ అనే ఆయన 1888లో క్యారెట్ దుంపల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో పనిచేస్తూ, దానితో తయారుచేసిన ఒక పదార్థాన్ని వేడిచేశాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగింది గాని మబ్బుగా వుండిపోయింది. 178.5 డిగ్రీల దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఒక పదార్థానికి రెండు కరుగుదలలు! ఆయన దాన్ని ఓటో లేమాన్ అనే జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడికి పంపించాడు. ఆ మబ్బులో వున్నది కారే ద్రవమే అయినా, దాని అణువులకి స్ఫటికంలో లాగా ఒక వరస వుందని తేలింది. పొడుగాటి కడ్డీల్లాంటి అణువులు. అటూ ఇటూ జారిపోతుంటాయి గాని అన్నీ దాదాపు ఒకే దిక్కుకి వాలి వుంటాయి. మా చేనులాగే.

కాంతిగాని, రేడియో తరంగంగాని ఆ వాలు వెంట ఊగుతూ పోతే ఒక వేగం, అడ్డంగా ఊగుతూ పోతే మరో వేగం. పదార్థం తరంగాన్ని ఎంత ఆలస్యం చేస్తుందో చెప్పే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం. దాన్ని స్థిరాంకం అంటారు గాని ఇక్కడ అది స్థిరంగా వుండదు. గీగాహెర్ట్జ్ తరంగాలకోసం తయారుచేసిన ద్రవస్ఫటిక మిశ్రమాల్లో అడ్డంగా సుమారు 2.5, వాలు వెంట సుమారు 3.3 వుంటుంది. రెండు లోహపు రేకుల మధ్య ఆ ద్రవాన్ని పోసి, కొన్ని ఓల్టుల నుంచి కొన్ని పదుల ఓల్టుల దాకా ఇస్తే అణువులు లేచి దిక్కు మార్చుకుంటాయి. ఓల్టేజి ఎంత ఇస్తే అంత వాలు. 2.5కీ 3.3కీ మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు.

ఇక మాస్టారి ప్రశ్న. జవాబు మా ఇంట్లోనే, అటక మీద వుంది. తాతయ్య రేడియో. తాతయ్య పోయినా దాన్ని పారెయ్యలేదు. ఇంటర్లో వున్నప్పుడు దాన్ని విప్పదీసి నాన్నచేత తిట్లు తిన్నాను. అందులో గ్యాంగ్ కండెన్సర్ వుంటుంది. కొన్ని రేకులు కదలవు, కొన్ని తిరుగుతాయి. బొత్తాం తిప్పితే తిరిగే రేకులు కదలని రేకుల సందుల్లోకి దూరతాయి. స్టేషను మారుతుంది. కండెన్సర్ కెపాసిటీ మూడింటి మీద ఆధారపడుతుందని అందరం చదివాం. రేకుల వైశాల్యం, రేకుల మధ్య దూరం, మధ్యలో వున్న పదార్థం. తాతయ్య మార్చింది మొదటిదాన్ని. ద్రవస్ఫటికం మార్చేది మూడోదాన్ని. రేకులు కదలవు, బొత్తాం లేదు, అరిగే భాగం లేదు. మధ్యలో వున్న పదార్థమే మనసు మార్చుకుంటుంది.

మరి రేడియోలో ఎందుకు పెట్టరు? మీడియం వేవ్ ఒక కొస నుంచి రెండో కొసకి వెళ్ళాలంటే ఫ్రీక్వెన్సీ ఇంచుమించు మూడింతలు మారాలి. అందుకు కెపాసిటీ తొమ్మిదింతలు మారాలి. 3.3ని 2.5తో భాగిస్తే 1.3 చిల్లర. దానితో ఫ్రీక్వెన్సీ మారేది సుమారు 15 శాతం. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఈ నిష్పత్తి ఇంకాస్త పెరుగుతుందిగాని తొమ్మిదింతలు రాదు. తాతయ్య ముల్లుని విజయవాడ దగ్గర నుంచి కాస్త జరపగలం. బాండంతా తిప్పలేం. ఇది జవాబులో సగం.

మిగతా సగం నాకు మరీ నచ్చినది. ద్రవస్ఫటికాన్ని ఎక్కువగా వాడేది స్టేషను మార్చడానికి కాదు, తరంగాన్ని ఆలస్యం చెయ్యడానికి. అణువుల్ని ఇటు నుంచి అటు పూర్తిగా తిప్పితే తరంగం ఒక నిండు అల పొడవు వెనకపడాలనుకుందాం. అందుకు ఎంత పొడవు ద్రవం కావాలి? 3.3 వర్గమూలంలోంచి 2.5 వర్గమూలం తీసేస్తే 0.235. అల పొడవుని దానితో భాగించాలి. 26 గీగాహెర్ట్జ్ దగ్గర, అంటే 2022లో మన దేశంలో 5జీ కోసం వేలం వేసిన బాండుల్లో అన్నిటికన్నా పైదాని దగ్గర, అల పొడవు 11.5 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 49 మిల్లీమీటర్లు వస్తుంది. కొడవలి పిడిలో సగం. అదే లెక్క తాతయ్య వినే విజయవాడ స్టేషనుకి, 837 కిలోహెర్ట్జ్‌కి వేస్తే? అల పొడవు 358 మీటర్లు. కావలసిన ద్రవం పొడవు కిలోమీటరున్నర! తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అంకెలు మారి ఆ పొడవు తగ్గుతుంది. ఎంత తగ్గినా అది రేడియో పెట్టెలో పట్టేది కాదు. కిలోమీటరున్నరంటే మా ఇంటి నుంచి చేను దాకా వున్న దూరం. ఈ లెక్క తేలినప్పుడు రాత్రి రెండు గంటలైంది. హాస్టల్ గదిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

కాబట్టి మాస్టారూ, మా ఇంట్లో రేడియోలో దీన్ని వాడకపోవడానికి కారణం ఇది. అల పెద్దదైతే దీని చేతికి అందదు. అల చిన్నదయ్యేకొద్దీ దీని బలం పెరుగుతుంది. పైగా పాత పద్ధతిలో ట్యూన్ చేసే వరాక్టర్ డయోడ్లలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నష్టం పెరిగిపోతుంది. ద్రవస్ఫటికంలో నష్టం అలా పెరగదు. అక్కడ ఓడేవాడు ఇక్కడ గెలుస్తున్నాడన్నమాట.

ఆలస్యం చేస్తే ఒరిగేదేమిటని అడగొచ్చు. నాట్లు వేసే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అందరూ ఒక వరసలో నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. అందరి నడకా ఒకటే అయితే వరస తిన్నగా పోతుంది. ఒక కొసనున్నవాళ్ళు నెమ్మదించి, పక్కనున్నవాళ్ళు కాస్త తక్కువ నెమ్మదించి, అలా వరసంతా మెల్లమెల్లగా మారితే వరస ఏటవాలుగా తిరుగుతుంది. బల్లపరుపు పలక మీద వందలకొద్దీ చిన్న యాంటెన్నాలు పెట్టి, ఒక్కోదానికి వెళ్ళే తరంగాన్ని ద్రవస్ఫటికంతో తగినంత ఆలస్యం చేస్తే, పలక కదలకుండానే దానిలోంచి వచ్చే కిరణం తిరుగుతుంది. ఆకాశంలో కదిలిపోయే ఉపగ్రహాన్ని మోటార్లూ డిష్షూ లేకుండా వెంబడించవచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కైమెటా కంపెనీ ఇలాంటి పలక యాంటెన్నాలు తయారుచేసి అమ్మింది. వాళ్ళది కొంచెం తేడా. పలక మీది ఒక్కో చిన్న గడిని ద్రవస్ఫటికంతో ట్యూన్ చేసి, అన్ని గడులూ కలిసి కిరణాన్ని తిప్పేలా చేస్తారు. టీవీ తెరలు చేసే గాజు పనే కాబట్టి అలాంటి ఫ్యాక్టరీలోనే ఇవీ తయారవుతాయి. జర్మనీలో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆలస్యం చేసే పరికరాల మీద చాలా పని చేసింది. ఆ ద్రవాల్ని కలిపే మెర్క్ కంపెనీదీ ఆ వూరే.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. కడ్డీల్లాంటివే కాదు, బిళ్ళల్లాంటి అణువులు కూడా దొంతరలుగా పేరుకుని ద్రవస్ఫటికాలవుతాయని 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేష్ కనుక్కున్నారు. దాన్ని అచ్చువేసింది మన దేశపు పత్రికే, 'ప్రమాణ'. మా ఇంటికి మరీ దూరం కాని నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ ఈ పదార్థాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. ఇదంతా ఎక్కడో చలిదేశాల వ్యవహారం అనుకున్న నాకు ఆ మాట ధైర్యమిచ్చింది.

అయితే దీనికో పెద్ద లోపం వుంది. సెమినార్లో నేను దాన్ని దాటేశాను. ఓల్టేజి ఇచ్చినప్పుడు అణువులు తొందరగానే లేస్తాయి. తీసేసినప్పుడు వాటంతట అవే పాత వాలుకి రావాలి. గాజుకి ఆనుకుని వున్నవాటిని గాజు మీది పూత పట్టి వుంచుతుంది. అవి పక్కవాటిని లాగాలి, అవి తమ పక్కవాటిని లాగాలి. మధ్యలోవాటికి కబురు ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యం మందం వర్గానికి అనులోమం. టీవీ తెరలో ద్రవం మందం 5 మైక్రాన్లు వుండి, తిరగడానికి 10 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. యాంటెన్నా పరికరంలో మందం 100 మైక్రాన్లయితే, ఇరవై ఇంతల మందానికి నాలుగువందల ఇంతల ఆలస్యం. 4 సెకన్లు! అందుకే మందం తగ్గించడానికి తంటాలు పడుతున్నారు. తగ్గిస్తే తరంగం లోహపు రేకుల్లో ఎక్కువ నష్టపోతుంది. ఒకటి సర్దితే ఒకటి చెడుతుంది. చలి పెరిగితే ద్రవం చిక్కబడి ఇంకా నెమ్మదిస్తుంది. ఇవన్నీ కప్పిపుచ్చి "అద్భుతం" అనేసి కూచోవడం శాస్త్రం కాదని ఆ రోజు తెలియలేదు.

దసరా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఈ జవాబు మొదట నాన్నకే చెప్పాను. గట్టు మీద కూచుని, రెండు చేతులూ ఆనించి పెట్టి, మధ్యలో గరికపోచలు పట్టుకుని చూపించాను. నాన్న చదువుకున్నది ఐదో తరగతి. వాలు సంగతి చెప్పగానే, "అది తెలిసిందేగా" అన్నాడు. మిగతాది ఓపిగ్గా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఇది వుంటే ఆ తుఫాను రాత్రి ఫోను కలిసేదా?"

మాస్టారి ప్రశ్న కంటే ఇది కష్టమైనది. గొప్పగా "కలిసేది నాన్నా" అనొచ్చు. కాని నిజం చెప్పాను. ఆ రాత్రి టవరు చెడిపోలేదు. కరెంటు పోయింది, జనరేటరులో డీజిలు అయిపోయింది. టవరు మీద ఎంత గొప్ప ద్రవం పెట్టినా కరెంటు లేకపోతే అది పలకదు. పంచాయతీ ఆఫీసు మేడ మీద ఇలాంటి పలకొకటి, దానికో సోలారు బ్యాటరీ, పైన ఉపగ్రహం వుంటే వూరంతటికీ ఒక్క ఫోను కలిసేది. ద్రవం తిప్పడానికి కరెంటు దాదాపు అక్కర్లేదు, కండెన్సరులాంటిదే కాబట్టి. లోపలి మిగతా యంత్రానికి మాత్రం కావాలి. పైగా అది చవకది కాదు, మన వూరు కొనలేదు.

నాన్న కాసేపు చేనువైపు చూశాడు. "అయితే చవగ్గా చేసేది చదువు" అన్నాడు. లేచి తుండుగుడ్డ దులుపుకుని, "ఆ రాత్రి నేను గండి కొట్టడానికి పోలేదులే. మీ అమ్మ పోనివ్వలేదు" అన్నాడు. రెండేళ్ళుగా నేను అడగని ప్రశ్నకి అది జవాబు. ఆ రెండు రోజులు నేనెంత భయపడ్డానో నాన్నకి తెలుసని అప్పుడే నాకు తెలిసింది.

ఎం.ఎస్‌సి.లో సీటు వస్తే ఇదే చదువుతాను. రాకపోతే మళ్ళీ రాస్తాను. ఇంజినీరింగు సీటు రాక బి.ఎస్‌సి.లో చేరానని మొదటి ఏడాదంతా తల వంచుకు తిరిగినవాణ్ణి. నాలాంటి మిత్రులు ఇక్కడ ఇంకా వుంటారు. వాళ్ళకి ఒక్క మాట. సెమినార్లో మాట రాకపోతే ఇంగ్లీషు పుస్తకంలోనే వెతక్కండి. మీ ఇంటి అటక మీద, మీ చేలో కూడా ఒకసారి వెతకండి.

మాస్టారూ, బాకీ తీరిందనుకుంటాను. ఆలస్యమైనందుకు క్షమించాలి. మందం ఎక్కువైన కొద్దీ తిరగడం ఆలస్యమవుతుందని పైన రాశాను. బుర్ర విషయంలోనూ అదే సూత్రం.